విద్యార్థులు తెలిపారు

హనుమక్క చనిపోయిందని నాకు ఫోన్‌లో తెలిసింది. మా ఊరివాళ్లందరూ ఉన్న గ్రూపులో ఎవరో పెట్టారు: "హనుమక్క ఇక లేరు." కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. అప్పుడు నేను అనంతపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఆ చేతులతోనే కాసేపు ఏడ్చాను. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అంత మంచి మనిషిని మా ఊరు మళ్లీ చూడదని నాలుగు వాక్యాలు రాసి గ్రూపులో పెట్టాను. అంతటితో ఆగలేదు. మా చెల్లెలికీ, బెంగళూరులో ఉంటున్న చిన్ననాటి స్నేహితురాలు గంగికీ పంపాను. గంగి కూడా ఏడ్చి ఇంకెవరికో పంపింది. ముప్పై ఏళ్లకు పైగా బళ్లలో తెలుగు చెప్పినదాన్ని, పేపరు చేతికిచ్చి "ఈ మాట ఎవరు చెప్పారు?" అని పిల్లల చేత రోజూ అడిగించినదాన్ని. ఆ పూట ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు.

గంట తర్వాత హనుమక్క మనవరాలు గీత ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు మా ఊరి బడిలోనే తెలుగు టీచరు. "పెద్దమ్మా, ఏమి రాసినావు నువ్వు? మా అవ్వ బతికే ఉండాది. ఇదో, నా ముందరే ముద్ద తింటాంది. పోయింది పక్కూరి హనుమక్క." వెనకనుంచి నాకు బాగా తెలిసిన గొంతు వినబడింది. "ఎవురే అది? సరోజినా? వచ్చి చూసి పొమ్మను."

మర్నాడే బయల్దేరాను. హిందూపురంలో బస్సు మారి, మడకశిర దాటాక ఎప్పటిలాగే బస్సులో మాటలు కన్నడంలోకి తిరిగాయి. కిటికీలోంచి వేడిగాలితో పాటు గొర్రెల వాసన. మా ఊరు కర్ణాటక సరిహద్దుకు రెండు మైళ్లు ఇవతల. ఆఫీసుల లెక్కలో తెలుగు ఊరు, పొయ్యి దగ్గర మాత్రం కన్నడ ఊరు. హనుమక్క వాళ్లింటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లు ఎండిన చింతబెరడులా అయింది గాని కళ్లు మారలేదు. నన్ను చూసి, "ఏమమ్మా, మట్టి ఎయ్యను వచ్చినావా?" అని పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, యాభై ఏళ్ల కిందట ఇదే మనిషి గురించి నా నోటినుంచి వెళ్లిన ఇంకొక అబద్ధం గుర్తొచ్చి, ఆమె పక్కన కూర్చున్నాను.

మా ఇంట్లో అందరం కన్నడమే మాట్లాడేవాళ్లం. నాన్నను అప్ప అనీ, నాన్నమ్మను అజ్జి అనీ పిలిచేవాళ్లం. ఇక్కడ వాళ్ల మాటలు తెలుగులో రాస్తున్నాను గాని, అవన్నీ నా చెవిలో కన్నడంలోనే ఉన్నాయి. అప్పకు కొన్ని గొర్రెలు, వాన పడితే చెనక్కాయ పండే నాలుగెకరాల ఎర్రనేల ఉండేవి. ఆయనకు చదువు రాదు. గొర్రెలకు సూదులు వేసే రోజు ఫలానా అని పంచాయతీ గోడకు తెలుగులో కాగితం అంటించారట. అది చదివేవాళ్లు లేక, ఆ రోజు మా ఊరి మందలన్నీ మేతకు పోయాయి. ఆ ఏడు రోగం వచ్చి మా మందలో సగం పోయింది. ఆ తర్వాతనే అప్ప నన్ను తెలుగు నేర్చుకోమన్నాడు. కొడుకు లేడు గనక నన్నన్నాడో, నా మీద నమ్మకంతో అన్నాడో నేనెప్పుడూ అడగలేదు. "గోడ మీద ఏముండాదో నాకు చెప్పాల నువ్వు. అంతే. దానికన్నా పెద్ద చదువు నాకొద్దు" అన్నాడు.

ఆ చదువు చెప్పడానికి వచ్చినావిడ నాగరత్నమ్మ టీచరు. కణేకల్ వైపు మనిషి. మా ఊళ్లో ఉండటానికి వేరే చోటు దొరక్క మా ఇంటి ముందుగదిలో దిగింది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక నశ్యం డబ్బీ ఆవిడ సామాను. మా అజ్జికి తెలుగు ముక్క రాదు, టీచరుకు కన్నడం అప్పటికి అంతంతమాత్రం. అయినా నశ్యం దగ్గర ఇద్దరికీ భాష కలిసింది. సాయంత్రాలు అరుగు మీద పక్కపక్కన కూర్చుని, చిటికెడు చిటికెడు పీల్చి, ఒకరి తర్వాత ఒకరు తుమ్మి, తృప్తిగా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. పొద్దున్నే టీచరు బెల్లం వేసిన నల్ల కాఫీ కాచుకునేది. ఆ వాసనతో నాకు మెలకువ వచ్చేది. లోపల అజ్జి రాగిసంకటి కెలుకుతుంటే కట్టె కుండ అంచుకు తగిలి టక్కు టక్కుమని చప్పుడు. ఉలవచారు పొంగిన వాసన. ఈ రోజుకీ ఎక్కడైనా ఉలవలు ఉడుకుతుంటే నాకు ముందు తెలుగు అచ్చులు గుర్తొస్తాయి, తర్వాతే ఆకలి.

ఆ ఏడు తెలుగు పుస్తకాలు సగం ఏడు గడిచినా రాలేదు. టీచరు ఎదురుచూడలేదు. మడకశిర నుంచి వచ్చే బస్సు డ్రైవరు రోడ్డు మీది మా ఊరి టీ హోటలుకు ఒక పేపరు పడేసి పోయేవాడు. అది ఆ రోజంతా హోటల్లో పది చేతులు మారి, మర్నాడు మధ్యాహ్నానికి మా బడికి వచ్చేది. టీ మరకలు, బొరుగుల వాసన, మడతలు పడ్డచోట చిరుగులు. అదే మా వాచకం. టీచరు ఒక వార్త పెద్దగా చదివేది. మేము వాక్యం చివరన ఉన్న క్రియ కింద గీత గీయాలి. "తెలుగులో కత ఏమైందో చివర్లో తెలుస్తుంది. ఎవురు చెప్పినారో అనేది కూడా ఆడనే దాక్కోనుంటుంది. తోక పట్టుకుంటే జంతువు దొరుకుతుంది" అనేది. 'కూలిపోయింది' అంటే రాసినవాడు చూసినట్టు. 'కూలిపోయిందని గ్రామస్థులు చెప్పారు' అంటే విన్నట్టు. 'కూలిపోయినట్లు తెలిసింది' అంటే? "ఎవురికి తెలిసింది? ఎవురు చెప్తే తెలిసింది?" అని ఆవిడ బల్ల మీద బెత్తంతో కొట్టేది. మా కన్నడంలో ఎవరైనా విన్నమాట చెబితే చివర 'అంతె' అంటారు. మళె బరుత్తంతె అంటే వాన వస్తుందని ఎవరో అన్నారని, మదువెయంతె అంటే పెళ్లని ఎవరో అన్నారని. తెలుగులో దానికి 'అంట' ఉందని టీచరు చెప్పినప్పుడు మాకు చుట్టం కనబడినంత సంతోషమైంది. పేపరువాళ్లు మింగేసిన 'అంట'లను మళ్లీ ఎక్కడెక్కడ పెట్టాలో వెతకడం మాకు ఆట అయిపోయింది. మంత్రిగారు వచ్చారంట. చెరువు నిండిందంట. వాక్యం చివర 'అంట' తగిలించగానే ఎంత పెద్ద వార్త అయినా మా హోటలు బెంచీ మీదికి దిగి వచ్చేది.

ఇంటి దగ్గర కూడా ఇదే జరిగేది. పొద్దు వాలే వేళకు అందరం అరుగు మీద విత్తనం చెనక్కాయలు వలుస్తూ కూర్చునేవాళ్లం. బొప్పెల దుమ్ముకు ముక్కు దురద పెట్టేది. నేను పేపరు చదివి, కన్నడంలో అప్పకు చెప్పాలి. అప్పకు కావలసింది వాన ఒక్కటే. ఒకసారి, రెండు రోజుల్లో భారీవర్షాలు అని చదివాను. "ఎవరు చెప్పినారు?" అన్నాడు అప్ప, టీచరును చూస్తూ, కొంచెం వెక్కిరింపుగా. "వాతావరణశాఖవాళ్లు" అన్నాను. అప్ప చేతిలో కాయ చిట్లించి, "వాళ్లు మా ఊరు చూసినారా? పేపర్లో పడిన వానకు చేలో మొలక రాదు" అన్నాడు. టీచరు నవ్వి, "మీ అప్ప నాకన్నా పెద్ద పంతులు" అంది నాతో. ఆ మాట నేను అనువాదం చేయకుండానే ఆయనకు అర్థమై, మీసం కింద నవ్వుకున్నాడు.

హనుమక్క మా బడిలో వంట చేసేది. మధ్యాహ్నం గోధుమరవ్వతో ఉప్పిట్టు, అదే ఉప్మా, వండి మా తట్టల్లో పెట్టేది. మా లాగే గొర్రెల ఇంటి మనిషి. మొగుడు పోయాడు, చేతిలో చిన్న కూతురు. బడి వెనక రేకుల కింద మూడు రాళ్ల పొయ్యి, ఆమె నడుముకు బిగించిన కొంగు, పొగకు ఎర్రబడిన కళ్లు. ఆవాలు చిటపటమనగానే మా లెక్కల పాఠం సగంలో ఆగిపోయేది. గిన్నె అడుగున మాడిన చెక్కను గీకి, చిన్నపిల్లలకు చేతిలో పెట్టేది. దానికోసం మేము కొట్టుకునేవాళ్లం.

బడి పక్కన ఒక రెడ్డిగారి తోట ఉండేది. కంచె వెంట అడవి ఆముదం పెంచారు. ఆ కాయలు పగలగొడితే లోపల నల్లటి గింజ, దాని లోపల తెల్లటి పప్పు. రుచికి అచ్చం పచ్చి చెనక్కాయలా ఉంటుంది. ఆ కంచె దగ్గరికి పోవద్దని టీచరు చెప్పింది. ఆ కంచె తాకితే కాలు విరగ్గొట్టి బడి మాన్పిస్తానని అప్ప చెప్పాడు. ఒక రోజు ఉప్పిట్టు తిన్నాక నేనూ గంగీ ఇంకో తొమ్మిది మందీ ఆ కంచె దగ్గరికి పోయాము. మొదట తిన్నది నేను. బాగుందని చెప్పిందీ నేనే. నేను నాలుగు తిన్నాను.

బడి వదిలే వేళకు వాంతులు మొదలయ్యాయి. కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు పిండింది. పదకొండు మందిని ఎద్దులబండి మీద రోడ్డు దాకా, అక్కడినుంచి బస్సులో మడకశిర ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్ప నన్ను భుజం మీద వేసుకుని బస్సులో కూర్చున్నాడు. ఆయన చొక్కా చెమట వాసన, గొర్రెల వాసన, నా వాంతి వాసన కలిసి ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. మర్నాడు పొద్దున, కొంచెం తేరుకున్నాక, జేబులో పెన్ను పెట్టుకున్న ఒక మనిషి మంచాల మధ్యకు వచ్చాడు. విలేకరి అన్నారు. ఎక్కడినుంచో కొత్తగా వచ్చినవాడు, కన్నడం రాదు. "ఏం తిన్నారమ్మా?" అని తెలుగులో అడిగాడు. పిల్లలు గోడవైపు తిరిగారు. వాళ్లకు సిగ్గు, తెలుగులో నోరు పెగలదు. నాకు పెగిలింది. టీచరు నేర్పినట్టే, కర్త కర్మ క్రియ తప్పకుండా, "మేము ఉప్పిట్టు తిన్నాము సార్. తరువాత వాంతులు అయినాయి" అన్నాను. "భేష్, బాగా మాట్లాడతావే" అని ఆయన నా తల నిమిరి రాసుకున్నాడు.

ఆ గింజను తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. కన్నడంలో కాడుహరళు. మాట తెలియక చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మంచం కాళ్ల దగ్గర అప్ప నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఆ కంచె పేరు ఎత్తే ధైర్యం నాకు లేదు. ఆయనకు తెలుగు సరిగా రాదు గాని, చేత్తో చూపించి ఉంటే ఆయనకూ అర్థమయ్యేది, విలేకరికీ అర్థమయ్యేది. నేను చేతులు దుప్పటి లోపల పెట్టుకున్నాను.

పేపరు వచ్చింది. 'ఉప్మాలో బల్లి' అని పెద్ద అక్షరాలు. వంటమనిషి నిర్లక్ష్యం వల్ల ఉప్మాలో బల్లి పడినట్లు తెలిసింది. ఉప్మా తిన్న తరువాతే వాంతులు మొదలయ్యాయని విద్యార్థులు తెలిపారు. హనుమక్క పేరు కూడా ఉంది. ఆ పేపరు హోటల్లో ఎప్పటికన్నా ఎక్కువ చేతులు మారింది. చదవడం రానివాళ్లు కూడా పట్టుకుని చూశారు. హెడ్మాస్టరు హనుమక్కను రావద్దన్నాడు. ఆమె బడి గేటు దగ్గర నిలబడి, "నేను మూత పెట్టినాను సారూ, నా బిడ్డ కూడా అదే తినింది కదా సారూ" అంటుంటే, నేను తరగతి కిటికీ పక్కన కూర్చుని గీతలు గీస్తున్నాను. ఆమె ఏడవలేదు. గరిటె ఆయనకు ఇచ్చి పోయింది.

నాగరత్నమ్మ టీచరు ఆ పేపరును కొన్నాళ్లు తరగతికి తేలేదు. పదకొండు మందీ బడికి రావడం మొదలయ్యాక తెచ్చింది. ఎప్పటిలాగే, అది కూడా ఒక వార్త అయినట్టు, చదివింది. "ఉప్పిట్టు తిన్నోళ్లు చెయ్యెత్తండి" అంది. మా తరగతిలోనూ, పక్క తరగతి నుంచి పిలిచిన పిల్లల్లోనూ అందరూ ఎత్తారు. "వాంతులు అయినోళ్లు?" పదకొండు చేతులు. "బల్లి పడితే అందరి తట్టల్లో పడల్ల కదా. మీ పదకొండు మంది తట్టలే ఎతుక్కుంటా వచ్చిందా ఏమి?" పిల్లలు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, "బల్లిని చూసినోళ్లు ఎవురు?" అంది. ఒక్క చెయ్యి లేవలేదు. తర్వాత వేలు ఆఖరి వాక్యం మీద పెట్టింది. "విద్యార్థులు తెలిపారు. ఏ విద్యార్థులు?" గంగి తలెత్తి నన్ను చూసింది. వెంటనే దించుకుంది. టీచరు ఆ చూపు చూసింది. చూసి, పేపరు మడిచి, "ఈ పొద్దుకు చాలు" అంది.

ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. కానీ ఆ సాయంత్రం అరుగు మీద చెనక్కాయలు వలుస్తున్నప్పుడు అదే పేపరు నా ఒళ్లో పెట్టి, "ఉచ్చారణ సరిగా లేదు, చదువు" అంది. చదివాను. మర్నాడు మళ్లీ అదే. మూడోనాడు మళ్లీ అదే. అజ్జి నశ్యం పీలుస్తోంది. అప్ప గొర్రెలు తోలుకొచ్చి మూలన కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను చదువుతూ ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చాను. విద్యార్థులు, అన్నాను. తర్వాతి మాట రాలేదు. మళ్లీ మొదలుపెట్టినా రాలేదు. "నానే" అన్నాను కన్నడంలో. నేనే.

"తెలుగులో చెప్పు" అంది టీచరు. గొంతు మెత్తగా ఉంది.

"నేనే చెప్పినాను. ఉప్పిట్టు కాదు. కంచె దగ్గర గింజలు తిన్నాము. నేను అబద్ధం చెప్పినాను."

అప్పటిదాకా నేను మాట్లాడిన తెలుగంతా పుస్తకంలోదో, పేపర్లోదో, టీచరు చెప్పించిందో; విలేకరికి చెప్పింది కూడా పాఠంలా అప్పజెప్పిందే. నా అంతట నేను చెప్పిన మొదటి తెలుగు వాక్యాలు అవే. అప్పకు ఎంత అర్థమైందో తెలియదు. 'అబద్ధం' అనే మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. ఆయన లేచి నిలబడ్డాడు. చెంబు పక్కన పెట్టాడు. కొడతాడనుకుని నేను తల మీద చేతులు పెట్టుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, "పద" అన్నాడు.

హనుమక్క ఇల్లు మూడు వీధుల అవతల. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. కూతురు ఆమె వీపుకు ఆనుకుని ఆడుకుంటోంది. అప్ప గుమ్మం బయటే నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. నన్ను ముందుకు తోసి, "అడుగు" అన్నాడు. క్షమించమని అడగాలి. నేను తల వంచుకుని గుమ్మం పట్టుకున్నాను. హనుమక్క లేచి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఎన్ని గింజలు తింటివి?" అంది. నాలుగు అన్నాను. "ఇంగ నాలుగు తినింటే సచ్చిపోయిందువు గదే, కండ్లు మూసుకోని!" అని, నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పి, నా కళ్లు చూసింది. నన్ను ఆసుపత్రినుంచి తెచ్చాక అట్లా చూసినవాళ్లు మా అజ్జి తప్ప ఎవరూ లేరు.

మర్నాడు టీచరు పదకొండు మందిని కూర్చోబెట్టి పేపరుకు ఉత్తరం రాయించింది. గంగి, "వాళ్లు అబద్ధాలకోరులు అని రాద్దాం టీచర్" అంది. "కోపం రాయొద్దు. తెలిసింది రాయండి. తెలీంది తెలీదని రాయండి" అంది టీచరు. ఉత్తరంలో ఒక వాక్యం నాకింకా గుర్తుంది: "బల్లి పడిందని ఎవరు చెప్పినారో మాకు తెలియదు. మేము బల్లిని చూడలేదు." కాడుహరళును అడవి ఆముదం అంటారని ఆ రోజే నేర్చుకున్నాను. ఆ మాటను మూడుసార్లు కొట్టేసి రాశాను. పదకొండు సంతకాల్లో నాది మొదటిది. టీచరు నా చేయి పట్టుకుని మరీ పైన పెట్టించింది. అప్ప మడకశిరకు నడిచిపోయి తన చేత్తో పోస్టుడబ్బాలో వేసి వచ్చాడు. హెడ్మాస్టరుకు ఒక నకలు ఇచ్చాము. ఆయన చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, దాన్ని మడిచి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. రెండు రోజులకు హనుమక్క మళ్లీ పొయ్యి ముట్టించింది. అప్పటికి మూడు వారాలైంది.

పేపర్లో మా ఉత్తరం వచ్చింది, చాలా రోజుల తర్వాత, లోపలి పేజీలో, ఎడ్ల సంత ప్రకటన కింద. అడవి ఆముదం గింజలు తినరాదని విద్యార్థుల విజ్ఞప్తి, అని రెండు వాక్యాలు. ముందు రాసింది తప్పని లేదు. హనుమక్క పేరు లేదు. బల్లి వచ్చినప్పుడు ఆమె పేరు వచ్చింది, బల్లి పోయినప్పుడు రాలేదు. ఆ ఏడంతా కొంతమంది తల్లులు పిల్లలకు ఇంటినుంచే ముద్ద కట్టి పంపారు. నాగరత్నమ్మ టీచరు మరుసటేడు బదిలీ అయి పోయింది. పోయేటప్పుడు నశ్యం డబ్బీ మా అజ్జికి ఇచ్చింది. నేను తెలుగు టీచరునైనప్పుడు ఆవిడకు చెబుదామని కణేకల్ వెళ్లాను. ఆవిడ అప్పటికే చనిపోయింది. వాళ్ల వీధిలో ఎవరినడిగినా గుర్తుపట్టారు. చాలా కోపిష్టి మనిషి అన్నారు.

హనుమక్క పక్కన కూర్చుని నేను ఇవన్నీ తలచుకుంటుంటే, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన గీత మళ్లీ బడికి పోతూ నన్నూ రమ్మంది. ఆమె తరగతిలో పదమూడు మంది. అందరి ఇళ్లలోనూ కన్నడమే. ఇప్పుడు పేపరు కోసం బస్సు రానక్కరలేదు. గీత తన ఫోన్‌లోంచి ముందురోజు గ్రూపులో వచ్చిన మాటను బోర్డు మీద రాసింది, "హనుమక్క ఇక లేరు" అని. దాని కింద, పేరు చెప్పకుండా, నేను రాసిన నాలుగు వాక్యాలూ రాసింది. పిల్లలు వాటిని పీకి పాకం పెట్టారు. ఏ హనుమక్క? ఏ ఊరు? ఎవరు చూశారు? ఒక పిల్లవాడు, "ఇది రాసినోళ్లు అడక్కుండానే ఏడ్చినారు" అన్నాడు. నేను లేచి, రాసింది నేనే అని చెప్పాను. గీత కూడా అనుకోలేదు నేను లేస్తానని. మా కాలంలో అబద్ధం బస్సెక్కి, ఒక రోజు ఆలస్యంగా, టీ మరకలతో వచ్చేది. దాన్ని పట్టుకోవడానికి ఒక చిరునామా ఉండేది, ఒక ఉత్తరం రాయడానికి వీలుండేది. ఇప్పుడు చింతపండు చేతులు కడుక్కునేలోగా నేనే దాన్ని మూడు ఊళ్లకు పంపాను. ఇంత పెద్దదాన్ని, ఇంత చదివినదాన్ని, ఎవరికి ఉత్తరం రాయాలి? పదమూడు మంది ముందు నిలబడి చెప్పడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. అది చెప్పాక, ఉప్పిట్టు సంగతి కూడా మొదటినుంచీ చెప్పాను.

చెప్పడం అయ్యాక వాళ్లు చప్పట్లు కొడతారనుకున్నాను, అబద్ధమెందుకు. ముందు బెంచీలో మంజుల అని ఒక పిల్ల, తెలుగు మాటలు కూడబలుక్కుంటూ, "అవ్వా, ఆ మూడు వారాలు హనుమక్కవ్వ ఏం తినింది?" అని అడిగింది.

నాకు తెలియదు. విలేకరి అడగలేదు. హెడ్మాస్టరు అడగలేదు. మా టీచరు అడగలేదు. మేము రాసిన ఉత్తరంలో ఆ సంగతే లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో తరగతుల్లో ఈ కథ చెప్పాను, నా అబద్ధం గురించి, నా భయం గురించి, నా మొదటి తెలుగు వాక్యం గురించి. "తెలీదమ్మా" అన్నాను.

"బతికే ఉండాది కదా. అడుగుదాం రాండి" అంది మంజుల.

పుస్తకాలు చంకన పెట్టుకుని పదమూడు మందీ, గీతా, నేనూ ఎండలో నడిచాము. అరుగు నిండా పిల్లలు కూర్చున్నారు. మంజుల అడిగింది. హనుమక్క నావైపు ఒకసారి చూసి, పిల్ల వైపు తిరిగింది. "తిండికేమి పాపా! కూలికి పోతి, గంజి తాగితి. నువ్వు అడగాల్సింది అది కాదు. ఆ మూడు వారాలు నా చేతి నీళ్లు ఈ ఊర్లో ఎవురూ తాగలేదు. మా అన్న కూడా తాగలేదు. నా బిందె పక్కన బిందె పెట్టలేదు ఎవురూ. నా బిడ్డకు దప్పికైతే, నా చేతి నీళ్లు తాగాలా వద్దా అని అది నన్నే అడిగింది. అది రాసుకో." ఆమె అంతా కన్నడంలో చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. ఎన్నేళ్లనుంచో ఎవరైనా అడిగితే చెబుదామని సిద్ధంగా పెట్టుకున్న మాటల్లా ఉన్నాయి.

మంజుల పెన్సిలు పట్టుకుని నావైపు చూసింది. "అవ్వా, దీన్ని తెలుగులో ఎట్ల రాయాల?"

"ఆయమ్మ ఎట్ల చెప్పిందో అట్లే" అన్నాను.

ఆ పిల్ల హనుమక్క దగ్గరికి ఇంకొంచెం జరిగి, ఇంకోసారి చెప్పమంది. హనుమక్క చెప్పింది, ఈసారి మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి, పిల్ల రాసేదాకా ఆగి ఆగి.